ట్రాక్టర్ ట్రాలీ హబ్ బేరింగ్ మార్చడం: జాకీ పెట్టిన దగ్గర్నుంచి కాటర్ పిన్ వంచే దాకా

కోతలు దగ్గరికొస్తే చాలు, ఇదే ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, ట్రాలీ చక్రం ఊగుతుంది, బేరింగ్ మనమే వేసుకోవచ్చా?" వేసుకోవచ్చు. పెద్ద మెకానిక్ పని కాదు. కానీ అరపూట పని అని మొదలుపెట్టి, చివర నట్టు బిగించే దగ్గర తొందరపడితే మాత్రం కొత్త బేరింగ్ కూడా రెండు ట్రిప్పులకే పోతుంది. అందుకే నట్టు గురించి కాస్త ఎక్కువ రాశాను.

ఇక్కడ రాసింది రెండు చక్రాల ట్రాలీ గురించి. మన వైపు వడ్లకూ, పత్తికీ, ఇసుకకూ తిరిగేవి ఎక్కువగా అవే. నాలుగు చక్రాల ట్రాలీకైనా హబ్ లోపలి పని ఇంతే. హబ్ అంటే ఇరుసు కొన మీద తిరిగే, చక్రాన్ని బిగించే మధ్య భాగం.

1. పోయింది బేరింగేనా?

ముందు వీల్ నట్లు చూడండి. నట్లు వదులైనా చక్రం ఊగుతుంది. ఒకరు చక్రాన్ని ఊపుతుంటే ఇంకొకరు హబ్ మీద వేలు పెట్టాలి. హబ్ కదలకుండా డిస్క్ (హబ్‌కు నట్లతో బిగించే చక్రం ఇనుప పళ్ళెం) ఒక్కటే కదిలితే లోపం నట్లది. హబ్ కూడా కలిసి ఊగితే బేరింగ్‌ది.

తర్వాత వేడి. ఐదారు కిలోమీటర్లు తోలి ఆపి, రెండు హబ్‌లనూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే భయం లేదు. ఒకవైపు చల్లగా ఉండి ఇంకోవైపు ఐదు సెకన్లు కూడా చేయి ఆనించలేకపోతే ఆ వైపు విప్పాల్సిందే. ట్రాలీకి బ్రేకులుంటే, షూ పట్టేసినా డ్రమ్ము ఇలాగే కాలుతుంది. కాబట్టి జాకీ ఎక్కించి చక్రం తిప్పి కూడా చూడాలి.

జాకీ మీద చూడాల్సినవి:

- చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపితే టక్‌టక్ అంటుందా?
- చేత్తో తిప్పితే గరగర వినిపిస్తుందా, మధ్యలో ఎక్కడైనా పట్టేస్తుందా?
- డిస్క్ లోపలి వైపు, టైరు గోడ మీద గ్రీజు చిమ్మిన మరక ఉందా? ఉంటే సీల్, అంటే గ్రీజు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పోయినట్టు.
- హబ్ క్యాప్ తీస్తే గ్రీజు పాలు కలిపిన చాయ్ రంగులో ఉందా? ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టు.

చాయ్ రంగు గ్రీజు కనిపిస్తే చక్రం ఊగకపోయినా విప్పండి. రోలర్ల మీద తుప్పు మొదలయ్యాక ఎంత గ్రీజు కొట్టినా ఆగదు.

2. సామాను: ముందు విప్పి, నంబర్ చూసి, అప్పుడు కొనండి

మన ట్రాలీలు చాలావరకు లోకల్ వర్క్‌షాపుల్లో తయారైనవే. ఒకే షాపులో ఒకే ఏడాది చేయించిన రెండు ట్రాలీలకు కూడా ఇరుసులు వేరేవి ఉంటాయి. పక్కింటి ట్రాలీ నంబర్ అడిగి బేరింగ్ తెచ్చుకుంటే బండి తిరగడం రెట్టింపు అవుతుంది.

హబ్‌లో రెండు బేరింగులుంటాయి, లోపల పెద్దది, బయట చిన్నది. రెండూ టేపర్ రోలర్లే, అంటే రోలర్లు ఒక వైపుకు సన్నబడి ఉంటాయి. ఒక్కో బేరింగ్‌లో రెండు భాగాలు. రోలర్లున్నది కోన్, హబ్‌లో దిగగొట్టి ఉండే రింగు కప్పు. నంబర్ కోన్ వెడల్పు ముఖం మీద చెక్కి ఉంటుంది, డీజిల్‌తో తుడిస్తే కనిపిస్తుంది.

ఆ నంబర్ చదవడం తెలిస్తే షాపులో ఎవరూ మోసం చేయలేరు. 302, 322తో మొదలయ్యే ఐదంకెల నంబర్లలో చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 32210 అంటే 50 మిల్లీమీటర్లు, 32208 అంటే 40.

మోసం జరిగేది మొదటి అంకెల దగ్గర. 30210, 32210 రెండింటికీ లోపల 50, బయట 90 మిల్లీమీటర్లే. పక్కపక్కన పెట్టి పైనుంచి చూస్తే తేడా తెలియదు. వెడల్పు మాత్రం ఒకదానిది 21.75, ఇంకోదానిది 24.75. ఆ మూడు మిల్లీమీటర్ల దగ్గరే బరువు మోసే బలం తగ్గిపోతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒక యాసంగి కోతలప్పుడు నేను 32210 అడిగితే షాపులో 30210 డబ్బా చేతిలో పెట్టి, "అదే అన్నా, పడుతది, తీస్కపో" అన్నారు. నిజమే, పట్టింది. పైగా హబ్‌లో పాత కప్పు బాగానే కనిపిస్తుందని దాన్ని అలాగే ఉంచి కోన్ ఒక్కటే మార్చాను. నట్టు బిగిస్తుంటే ఎప్పుడూ లేనంత లోపలికి పోయి, కాటర్ పిన్ (నట్టు వదులు కాకుండా అడ్డంగా వేసి కాళ్ళు వంచే పిన్) రంధ్రం నట్టు గాడి దాటి బయటికి వచ్చింది. అప్పుడైనా ఆగాల్సింది. ఇంకో వాషర్ వేసి సరిపెట్టాను. హాలియా నుంచి మిర్యాలగూడ మిల్లుకు రెండో ట్రిప్పు వడ్లు తోలుతుంటే రాత్రి పదిన్నరకు హబ్ పట్టేసింది. రోడ్డు పక్కన బస్తాలు దించుకుంటూ గడిపిన ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి నట్టు మునుపటి కంటే రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికో బయటికో ఆగితే, వేరే నంబర్ వేశారన్నమాట. లేదంటే కప్పు పూర్తిగా దిగలేదు. వాషర్లతో సరిపెట్టకండి.

నంబర్ అరిగిపోతే పాత కోన్, కప్పు రెండూ లేత్ షాపుకు తీసుకెళ్ళి వెర్నియర్‌తో (మిల్లీమీటర్లు కచ్చితంగా కొలిచే స్కేలు) కొలిపించండి. సీల్ మీద మూడు కొలతలు వరుసగా ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. మూడూ సరిపోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఒక్కో చక్రానికి బేరింగ్ సెట్లు రెండు, కోన్, కప్పు కలిపి. బిల్లు తీసుకోండి, డూప్లికేట్లు చాలా ఉన్నాయి
- కొత్త గ్రీజు సీల్, కొత్త కాటర్ పిన్‌లు
- ఏపీ-3 లాంటి వీల్ బేరింగ్ గ్రీజు. రెండు వైపులకూ కిలో డబ్బా సరిపోతుంది
- బాటిల్ జాకీ, దాని కింద వేయడానికి మందమైన ఇనుప పలక
- ఇరుసు కింద పేర్చడానికి మొద్దు చెక్కలు
- పానాలు, సుత్తి, ఇత్తడి కడ్డీ, కటింగ్ ప్లేయర్
- ఒక తట్ట, రెండు లీటర్ల డీజిల్, ఉతికిన నూలు గుడ్డలు

ఇనుప కడ్డీతో బేరింగ్‌ను కొడితే అంచు పెచ్చు లేస్తుంది. ఇత్తడి మెత్తన, దెబ్బ తనే తీసుకుంటుంది.

3. ట్రాలీని నిలబెట్టడం

ట్రాలీ డబ్బా (లోడు వేసే భాగం) ఖాళీగా ఉండాలి. సగం లోడు కూడా వద్దు. ట్రాలీని ట్రాక్టర్ నుంచి విప్పకండి, ముందు స్టాండు మీద కంటే హుక్కు మీదే కదలకుండా ఉంటుంది. ట్రాక్టర్‌ను గేర్‌లో వేసి, బ్రేక్ లాక్ చేసి, తాళంచెవి జేబులో వేసుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

రెండో వైపు టైరుకు ముందూ వెనుకా పెద్ద రాళ్ళు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లను అర చుట్టు వదులు చేయండి. గాలిలో లేపాక పానా మీద ఎక్కి తొక్కితే ట్రాలీ జాకీ మీద నుంచి జారుతుంది.

జాకీ ఇరుసు కింద, స్ప్రింగు పట్టీల దగ్గర పెట్టాలి. డబ్బా కిందో ఛాసిస్ కిందో కాదు. నల్లరేగడి నేలలో జాకీ కూరుకుపోతుంది, కాబట్టి కింద ఇనుప పలక తప్పనిసరి. లేపిన వెంటనే ఇరుసు కింద చెక్కలు అడ్డంగా, నిలువుగా పేర్చి బరువు వాటి మీదికి దించండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. చేత్తో ట్రాలీని ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడే చక్రం విప్పండి.

కొందరు టైరుతో సహా హబ్ లాగేస్తారు. అంత బరువు చేతుల్లో ఉండగా హబ్‌ను నిటారుగా లాగడం కష్టం, ఇరుసు మరలు దెబ్బతింటాయి. టైరు ముందు తీసి పక్కన పడుకోబెట్టండి.

4. హబ్ విప్పడం

నేల మీద శుభ్రమైన గుడ్డ పరచండి. తీసిన వస్తువును తీసిన వరుసలోనే పెట్టండి. ఫోన్‌తో ఒక ఫోటో కూడా తీసుకుంటే రేపు వాషర్ ముందా నట్టు ముందా అనే పంచాయితీ ఉండదు.

హబ్ క్యాప్ చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ ఊడదీయండి. కాటర్ పిన్ కాళ్ళు నిటారు చేసి లాగండి. నట్టు, ఆ తర్వాత నాలుక ఉన్న వాషర్ వస్తాయి. హబ్‌ను రెండంగుళాలు బయటికి లాగి మళ్ళీ లోపలికి నెడితే చిన్న బేరింగ్ ఇరుసు మీద మిగిలిపోతుంది, చేత్తో తీసేయండి. ఇది మరిచి హబ్ లాగితే అది మట్టిలో పడుతుంది. బ్రేక్ డ్రమ్ము ఉంటే ముందు అడ్జస్టర్ వదులు చేసుకోవాలి, లేకపోతే షూలు డ్రమ్మును వదలవు.

పెద్ద కోన్ ఒక్కోసారి ఇరుసుకే పట్టుకుని ఉంటుంది. బేరింగ్ లాగే పుల్లర్ ఉంటే మంచిది. లేకపోతే వెనుక నుంచి ఇత్తడి కడ్డీతో ఒకసారి ఇటు, ఒకసారి అటు తట్టుతూ రప్పించండి. గ్యాస్ మంట పెట్టి ఇరుసును ఎర్రగా కాల్చడం మాత్రం వద్దే వద్దు.

5. ఇరుసు, హబ్ పరీక్ష

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. అన్నీ డీజిల్‌తో కడిగి, ఆరిన గుడ్డతో తుడిచి, వెలుతురులో చూడండి.

కొత్త కోన్ ఇరుసు మీదికి చేత్తో నెడితే వెళ్ళాలి, అది మామూలే. కానీ గలగల ఊగకూడదు. పాత కోన్ ఇరుసు మీద తిరగడం వల్ల గాడి పడి, నీలం రంగు తేలి ఉంటే లేత్ షాపులో చూపించాలి.

కప్పు విషయం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. హబ్‌లో అది బిగువుగా దిగాలి. చేత్తో నెడితే కప్పు కూర్చుందంటే హబ్ అరిగిపోయినట్టు. కొందరు హబ్ లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెస్తారు. వడ్ల లోడు పడ్డాక ఆ చుక్కలు చదునై కప్పు మళ్ళీ తిరుగుతుంది. హబ్ మార్చండి, లేదంటే లేత్ మీద బుష్ వేయించండి.

సీల్ అంచు రాసుకునే చోట గోరుతో గీయండి. గోరు గాడిలో పడుతుంటే కొత్త సీల్ కూడా కారుతుంది. అక్కడ స్లీవ్ వేయించాలి. మరీ లోతు లేకపోతే సీల్‌ను ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకు కూర్చోబెట్టినా సరిపోతుంది.

6. కప్పులు మార్చడం

పాత కప్పు తీయడానికి హబ్ లోపల రెండు గాడులుంటాయి. అందులోంచి కడ్డీ పెట్టి ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. ఒకే వైపు కొడితే వంకరపోయి ఇరుక్కుంటుంది.

కొత్త కప్పులను ముందురోజు రాత్రి ఫ్రిజ్ పై అరలో పెడితే కాస్త కుంచించుకుని సులువుగా దిగుతాయి. పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టండి, లేకపోతే బేరింగ్ నూనె వాసన పెరుగుకు పడుతుంది, ఇంట్లో మాట మీరే పడాలి. హబ్‌ను గంటసేపు ఎండలో ఉంచండి. నల్లగొండ మే నెల ఎండకు అంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.

కప్పు మందమైన అంచు హబ్ లోపలికి, వెడల్పుగా తెరుచుకున్న వైపు బయటికి ఉండాలి. పాత కప్పును బయటి వైపు గ్రైండర్‌తో కొద్దిగా అరగదీసి, కొత్తదాని మీద పెట్టి కొడితే దెబ్బ చుట్టూ సమానంగా పడుతుంది. అరగదీయకుండా పెడితే అదే హబ్‌లో ఇరుక్కుంటుంది.

చెవి పెట్టి వినండి. కప్పు దిగుతున్నంత సేపూ డొల్ల చప్పుడు వస్తుంది. అడుక్కి ఆనగానే ఠంగుమని గట్టిగా మోగుతుంది. ఆ చప్పుడు వచ్చాక కూడా టార్చ్ వేసి, కప్పుకూ హబ్ గట్టుకూ మధ్య సందు లేదని చూసుకోండి.

7. గ్రీజు, సీల్

పాత గ్రీజు పూర్తిగా పోవాలి. ఛాసిస్ నిపుల్స్‌కు కొట్టే గ్రీజు మిగిలింది కదా అని దీంట్లో కలపకండి. రెండు రకాలు కలిస్తే పలచబడి కారిపోవచ్చు.

ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, కోన్ వెడల్పు వైపును దానిలోకి నొక్కండి. రోలర్ల సందుల్లోంచి పై వైపు గ్రీజు పురుగుల్లా పైకి రావాలి. కొంచెం తిప్పి మళ్ళీ నొక్కండి. పైపైన పూయడాన్ని గ్రీజు పెట్టడం అనరు.

హబ్ లోపలి బోలును మూడో వంతుకు కాస్త ఎక్కువ నింపితే చాలు. నిండా కూరితే గ్రీజు వేడెక్కి ఉబ్బి సీల్‌ను తోసేస్తుంది.

పెద్ద కోన్ ముందు హబ్‌లో పెట్టి, ఆ తర్వాతే సీల్ కొట్టాలి. సీల్ కొట్టాక కోన్ పక్కన కనిపించి తల పట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కూడా. సన్నని స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి, గ్రీజు వైపుకు రావాలి. చదునైన చెక్క అడ్డం పెట్టి చుట్టూ సమానంగా కొట్టండి. సీల్ అంచుకు కొద్దిగా గ్రీజు రాయండి, ఎండిన రబ్బరు మొదటి కిలోమీటర్లోనే కాలుతుంది.

8. నట్టు బిగించడం

బేరింగులు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఊగుతుందేమోనని భయపడి బలం కొద్దీ బిగిస్తారు. టేపర్ బేరింగ్ వేడెక్కితే పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే రోలర్లు కప్పును నలిపేస్తాయి.

నాకు ఈ పని నేర్పిన మేస్త్రి పానా నా చేతిలోంచి తీసుకుని అన్న మాట: "ఆఖరు బిగువు పానాతోని కాదు తమ్మీ, వేళ్ళతోని."

వరుస ఇది:

- హబ్ ఎక్కించి, చిన్న కోన్, వాషర్, నట్టు వేయండి.
- హబ్‌ను ఒక చేత్తో రెండు వైపులా తిప్పుతూ నట్టు బిగించండి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు సర్దుకోవు.
- హబ్ బరువుగా తిరుగుతుందని అనిపించాక ఆపి, పది చుట్లు తిప్పండి.
- నట్టును పూర్తిగా వదులు చేయండి.
- మళ్ళీ వేళ్ళతో మాత్రమే, ఆగేదాకా తిప్పండి.
- పిన్ రంధ్రం ఎదురుగా రాకపోతే వెనక్కి, అంటే వదులు వైపు, దగ్గరి గాడికి తెండి. ముందుకు బిగించి కలపకండి.

నట్టుకు ఆరు గాడులుంటే ఒక్కో గాడికి ఆరో వంతు చుట్టు. మర దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లయితే అది పావు మిల్లీమీటరు జరుగుతుంది. వెనక్కి తెచ్చాక ఊగు మరీ ఎక్కువగా ఉంటే మందం కొద్దిగా తేడా ఉన్న వాషర్‌కు మార్చి, గాడి ఎదురుగా వచ్చేలా చూసుకోండి.

చక్రం వేసి పైనా కిందా పట్టుకుని ఊపితే వేలికి తెలిసీ తెలియనంత ఆట ఉండాలి. అసలు లేకపోతే బిగువు ఎక్కువైంది. టక్కుమని వినిపిస్తే తక్కువైంది.

కొత్త కాటర్ పిన్ వేసి రెండు కాళ్ళూ వంచండి. పిన్ బదులు మేకు, బైండింగ్ వైరు వేసిన ట్రాలీలను చూశాను. వాటి వెనుక బండి తోలకండి.

9. చక్రం, మొదటి ట్రిప్పు

వీల్ నట్ల వాలు వైపు డిస్క్‌కు ఆనేలా వేసి, ఎదురెదురుగా బిగించండి. చివరి బిగువు చక్రం నేలకు దించాకే.

ఖాళీ ట్రాలీని ఐదు కిలోమీటర్లు తోలి హబ్ తాకండి. వెచ్చగా ఉంటే లోడు ఎత్తండి. 50 కిలోమీటర్లకు వీల్ నట్లు మళ్ళీ చూడండి. మొదటి నాలుగైదు లోడ్ల తర్వాత ఒకసారి జాకీ ఎక్కించి ఊగు చూడండి. కొత్త కప్పులు సర్దుకుని ఒక గాడి వదులు కావచ్చు.

10. పని అయ్యాక కనిపించే లోపాలు

- హబ్ రెండు కిలోమీటర్లకే కాలుతోంది: నట్టు బిగువు ఎక్కువ. ఒక గాడి వదలండి. తగ్గకపోతే విప్పండి.
- మర్నాడే చక్రం ఊగుతోంది: కప్పు పూర్తిగా దిగలేదు, లోడుకు దిగింది.
- లోపలి వైపు గ్రీజు కారుతోంది: సీల్ తిరగబడింది, లేదా ఇరుసు గాడి చూడలేదు, లేదా గ్రీజు నిండా కూరారు.
- తిరిగేటప్పుడు లయగా గరగర: లోపలికి మట్టి చేరింది. మళ్ళీ కడగాలి.

దారిలో హబ్ పట్టేస్తే నీళ్ళు పోయకండి, ఈడ్చుకెళ్ళకండి. లోడు దించి చల్లారనివ్వండి. అక్కడితో ఆపితే పోయేది బేరింగులే, ఈడిస్తే ఇరుసు కొన కూడా పోతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద ఊళ్ళలో ఒక అలవాటు ఉంది. మిల్లు నుంచి రాగానే ట్రాలీని నేరుగా కాలువలోకో చెరువులోకో దింపి కడుగుతారు. వేడి హబ్ చన్నీళ్ళలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, సీల్ సందులోంచి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. గ్రీజు చాయ్ రంగుకు మారేది అలాగే. గంట ఆగి కడగండి, లేదంటే ఇంటి దగ్గర పైపుతో, హబ్ వెనుక నేరుగా కొట్టకుండా కడగండి.

చివరగా, రెండు బేరింగుల నంబర్లు, సీల్ కొలతలు, మార్చిన నెల పెయింటుతో డ్రాబార్ (ట్రాక్టర్‌కు తగిలించే ముందు కమ్మీ) లోపలి వైపు రాసి పెట్టండి. మా ట్రాలీకి రాసి ఉంది. మొన్న షాపుకు మా తమ్ముణ్ణి పంపితే ఫోన్‌లో ఫోటో చూపించి సరైన డబ్బాతో తిరిగొచ్చాడు.